గ్రాఫిక్స్ ప్రశ్నలు–జవాబులు: షేడర్‌కి వందల విలువలు పంపాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. షేడర్‌కి, అంటే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద నడిచి బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామ్‌కి, పంపాల్సిన పారామీటర్లు పెరిగేకొద్దీ ఏం చెయ్యాలి? మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే చోటిస్తున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. తర్వాతివన్నీ దాని మీదే ఆధారపడతాయి, కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడం, ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్) వాడి సొంతంగా రెండరర్, అంటే సీన్‌ని తెర మీద గీసే ప్రోగ్రామ్, రాస్తున్నాను. మ్యాట్రిక్సులు, రంగులు, రఫ్‌నెస్, 16 లైట్ల వివరాలు, పొగమంచు, సమయం అన్నీ కలిపి వంద దాకా యూనిఫాములు (షేడర్‌కి బయటి నుంచి పంపే విలువలు) అయ్యాయి. సీన్‌లో 2,000 వస్తువులు ఉన్నాయి. ప్రతి వస్తువునీ గీసే ముందు అన్నిటినీ పంపుతున్నాను. ఫ్రేమ్ రేటు ఘోరంగా పడిపోయింది. అన్నిటినీ ఒకే పెద్ద బఫర్‌లో (జీపీయూ చదివే మెమరీ ముక్క) పెట్టేస్తే సరిపోతుందా?

సరిపోదండి. బఫర్ సంగతి తర్వాత, ముందు మీ లెక్క చూద్దాం. 2,000 వస్తువులు, ఒక్కోదానికి 100 యూనిఫాములు. అంటే ఫ్రేమ్‌కి 2 లక్షల కాల్స్. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే 1 కోటి 20 లక్షల కాల్స్. ఇక్కడ మీ వేగాన్ని తినేస్తున్నది డేటా బరువు కాదు. ఒక్కో విలువకి సగటున 16 బైట్లు వేసుకున్నా ఫ్రేమ్‌కి మొత్తం 32 లక్షల బైట్లు, ఇప్పటి జీపీయూకి అది పెద్ద బరువేమీ కాదు. అసలు ఖర్చు ప్రతి కాల్‌లోనూ డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) చేసే పనిలో ఉంది. ఆ లొకేషన్ (యూనిఫామ్‌ని గుర్తుపట్టే నంబరు) సరైనదేనా, రకం సరిపోయిందా, ఏ ప్రోగ్రామ్ నడుస్తోంది, తర్వాతి డ్రాకి ఏవి మారాయని గుర్తుపెట్టుకోవాలి, ఇవన్నీ అది చూసుకోవాలి. అదంతా సీపీయూ పని. జీపీయూ ఆ సేపంతా ఖాళీగా కూర్చుని ఉంటుంది.

నేను ఎవరి రెండరర్ కోడ్ చదవాల్సి వచ్చినా మొదట తెరిచేది షేడర్ ఫైల్ కాదు, వస్తువులను ఒక్కొక్కటిగా గీయించే డ్రా లూప్. ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని యూనిఫాముల పేర్లన్నీ వరసగా రాసి, ప్రతి పేరు పక్కన ఒక్క మాట రాస్తాను: ఇది ఎప్పుడు మారుతుంది? మీరూ అదే చెయ్యండి. కోడ్ ముట్టుకోకముందే చెయ్యండి.

కెమెరా మ్యాట్రిక్సులు, కెమెరా స్థానం, సమయం, పొగమంచు, 16 లైట్లు. ఇవన్నీ ఫ్రేమ్‌కి ఒక్కసారే మారతాయి. మీరు వీటిని 2,000 సార్లు పంపుతున్నారు. రంగు, రఫ్‌నెస్, మెటాలిక్ లాంటివి మెటీరియల్ మారినప్పుడే మారతాయి, సీన్‌లో మెటీరియల్స్ సాధారణంగా వస్తువులకన్నా తక్కువే ఉంటాయి. ఇక నిజంగా ప్రతి వస్తువుకీ మారేది ఏం మిగిలింది? దాని మోడల్ మ్యాట్రిక్స్, అది ఏ మెటీరియల్ వాడుతుందో చెప్పే ఒక నంబరు. అంతే! వంద పారామీటర్ల సమస్య అనుకున్నది రెండు పారామీటర్ల సమస్యగా మారిపోయింది. ఈ విభజన చెయ్యకుండా అన్నిటినీ ఒకే బఫర్‌లో కుక్కితే, మారని లైట్లను కూడా ప్రతి డ్రాకీ మళ్ళీ మళ్ళీ రాస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో చూద్దాం.

ఫ్రేమ్ విలువలకు యూనిఫామ్ బఫర్ వాడండి. ఇది 2009లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 3.1 నుంచి ఉంది. ఒక బైండింగ్ పాయింట్‌కి (నంబరున్న స్లాట్) తగిలిస్తే మీ షేడర్ ప్రోగ్రాములన్నీ అదే బఫర్‌ని పంచుకుంటాయి, ప్రోగ్రామ్ మార్చినప్పుడల్లా మళ్ళీ పంపక్కర్లేదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే గుణం అదే. సైజు గురించి భయం వద్దు. ఒక్కో లైటుకి స్థానం, వ్యాసార్ధం ఒక వెక్4లో (నాలుగు ఫ్లోట్ల గుంపు), రంగు, తీవ్రత ఇంకో వెక్4లో పెడితే 32 బైట్లు. 16 లైట్లకి 512. రెండు మ్యాట్రిక్సులు 128. మిగతావి కలిపినా 1 కేబీ దాటదు. యూనిఫామ్ బ్లాక్‌కి ప్రమాణం హామీ ఇచ్చే కనీస పరిమాణం 16 కేబీ, డెస్క్‌టాప్ కార్డుల్లో చాలావాటిలో 64 కేబీ దొరుకుతుంది.

మెటీరియల్స్‌కి రెండు దారులున్నాయి. అన్నిటినీ ఒకే బఫర్‌లో వరసగా పేర్చి, మెటీరియల్ మారినప్పుడు అందులోని ఒక ముక్కని బైండ్ చెయ్యడం మొదటిది. అలా చేస్తే ముక్క మొదలయ్యే చోటు కార్డు చెప్పిన అలైన్‌మెంట్‌కి సరిపోవాలి, అంటే ఆ సంఖ్య గుణిజంలోనే మొదలవ్వాలి. అది 256 బైట్ల దాకా ఉండొచ్చు కాబట్టి, 80 బైట్ల మెటీరియల్ కూడా 256 బైట్ల చోటు తీసుకుంటుంది. రెండో దారిలో బ్లాక్ లోపలే మెటీరియల్స్ అర్రే పెట్టి నంబరుతో చదువుతారు. 80 బైట్ల చొప్పున 16 కేబీలో 204 పడతాయి. మీ సీన్‌కి అది చాలనుకుంటే రెండో దారి పట్టండి, బైండ్ చేసే పనే ఉండదు.

వస్తువుల మ్యాట్రిక్సుల దగ్గర మాత్రం యూనిఫామ్ బ్లాక్ చాలదు. 2,000 మ్యాట్రిక్సులు, ఒక్కోటి 64 బైట్లు, మొత్తం 1,28,000 బైట్లు. 64 కేబీకి కూడా దాదాపు రెట్టింపు. వీటికి షేడర్ స్టోరేజ్ బఫర్ సరైన చోటు. ఓపెన్‌జీఎల్ 4.3 నుంచి దొరుకుతుంది, పరిమాణం మెగాబైట్లలో ఉంటుంది. అంతకన్నా పాత వెర్షన్ మీద పనిచెయ్యాలంటే ఇన్‌స్టెన్స్‌డ్ వెర్టెక్స్ అట్రిబ్యూట్లున్నాయి. అట్రిబ్యూట్ డివైజర్‌ని 1 చేస్తే ఆ విలువ వెర్టెక్స్‌కి (ఆకారంలోని ఒక్కో బిందువు) కాకుండా ఇన్‌స్టెన్స్‌కి (అదే ఆకారపు ఒక్కో కాపీ) ఒకసారి ముందుకు జరుగుతుంది. ఒక మ్యాట్4కి (4×4 మ్యాట్రిక్స్) నాలుగు అట్రిబ్యూట్ లొకేషన్లు పోతాయి, హామీగా దొరికేవి 16. అది గుర్తుంచుకుని ప్లాన్ చేసుకోండి.

నేను పనిచేసే రెండరర్ యంత్రాల నమూనాలు చూపిస్తుంది. బోల్టులు, నట్లు, వాషర్లు వేలల్లో ఉంటాయి, కానీ బోల్టు ఆకారం ఒక్కటే. అలాంటి చోట మ్యాట్రిక్సులన్నీ స్టోరేజ్ బఫర్‌లో ఉంచి, ఇన్‌స్టెన్స్ నంబరుతో చదువుకుంటే అన్ని బోల్టులూ ఒకే డ్రా కాల్‌లో పూర్తవుతాయి. మీ సీన్‌లోనూ ఒకే మెష్ చాలాసార్లు వస్తుంటే ఈ లాభం వదులుకోకండి.

ఇంకొక్కటి. మోడల్ మ్యాట్రిక్స్ చివరి వరస ఎప్పుడూ 0, 0, 0, 1 అయినప్పుడు దాన్ని పంపడం దండగ. మూడు వెక్4లుగా పంపితే 64 బైట్లకు బదులు 48 చాలు. కానీ మ్యాట్4×3 అని రాసేసి పని అయిపోయిందనుకోకండి. అది మూడు అంకెల నిలువు వరసలు నాలుగు. బఫర్‌లో మామూలుగా ఒక్కో నిలువు వరసా 16 బైట్లకు సాగుతుంది, మళ్ళీ 64కే చేరతారు. అడ్డ వరసలను మూడు వెక్4లుగా నిల్వ చేసి, షేడర్‌లో మూడు డాట్ ప్రొడక్టులు చేసుకోండి.

ప్రశ్న: యూనిఫామ్ బఫర్‌కి మారాక విలువలు గందరగోళం అయ్యాయి. 64 ఫ్లోట్ల అర్రే పంపితే మొదటిది తప్ప మిగతావన్నీ తప్పు. ఎరుపు రంగు ఇస్తే నల్లగా వస్తోంది. సీ++ స్ట్రక్ట్‌లో, షేడర్ బ్లాక్‌లో వరస ఒకటే. డ్రైవర్ లోపమా?

డ్రైవర్ తప్పేం లేదు. ఎస్‌టీడీ140 అనే లేఅవుట్ నియమాలను అది అక్షరాలా పాటిస్తోంది, మీ కంపైలర్ సీ++ నియమాలను పాటిస్తోంది. రెండూ ఒకటి కావు.

ఎస్‌టీడీ140లో అర్రే ఏదైనా ఒక్కో గడికి కనీసం 16 బైట్లు. ఫ్లోట్ 4 బైట్లే అయినా తర్వాతి ఫ్లోట్ 16 బైట్ల అవతల మొదలవుతుంది. మీరు 256 బైట్లు పంపారు, షేడర్ 1,024 బైట్ల మేర వెతుక్కుంటోంది. మొదటిది తప్ప అన్నీ తప్పు రావడానికి కారణం ఇదే. ఆ 64 ఫ్లోట్లనూ 16 వెక్4ల అర్రేగా ప్రకటించండి. సీ++ వైపు ఏమీ మార్చక్కర్లేదు. షేడర్‌లో నంబరుని 4తో భాగించి వచ్చిన గడి తీసుకుని, శేషంతో అందులోని అంకె ఎంచుకోండి.

రంగు సంగతి వెక్3 వల్ల. దాని సైజు 12 బైట్లు, కానీ అది 16తో భాగించబడే చోటే మొదలవ్వాలి. ముందు ఫ్లోట్, తర్వాత వెక్3 అని రాశారనుకోండి. సీ++లో మూడు ఫ్లోట్ల మామూలు స్ట్రక్ట్ అయితే రంగు 4వ బైటు నుంచి మొదలవుతుంది, షేడర్ మాత్రం 16వ బైటు నుంచి చదువుతుంది. అదే ముందు వెక్3, తర్వాత ఫ్లోట్ అని రాస్తే ఫ్లోట్ 12వ బైటులో చక్కగా ఇమిడిపోతుంది. వరస మార్చడంతోనే చాలామందికి సమస్య మాయమవుతుంది, ఎందుకు మాయమైందో మాత్రం తెలియదు. తర్వాత ఎవరో మధ్యలో ఇంకో ఫ్లోట్ చేరుస్తారు, మళ్ళీ మొదలు.

అందుకే బ్లాకుల్లో వెక్3 అసలు వాడొద్దని నేను పట్టుబట్టి చెబుతాను. అన్నీ వెక్4లు చెయ్యండి, నాలుగో గడిలో ఇంకో ఉపయోగపడే విలువ పెట్టండి: రంగుతో తీవ్రత, స్థానంతో వ్యాసార్ధం. సీ++లో బూల్ సాధారణంగా 1 బైటు, షేడర్ బ్లాక్‌లో 4. దాని బదులు పూర్ణాంకం వాడండి. ప్రతి ఫీల్డ్ ఎక్కడ మొదలవుతుందో కంపైల్ సమయంలోనే స్టాటిక్ అసర్ట్‌తో తనిఖీ పెట్టండి. అది రాయడానికి పట్టే కాసేపు, రంగులు ఎందుకు మారాయని వెతికే సాయంత్రాలను మిగిలిస్తుంది.

స్టోరేజ్ బఫర్లలో ఎస్‌టీడీ430 వాడుకోవచ్చు, అందులో ఫ్లోట్ల అర్రే దగ్గరగా 4 బైట్ల చొప్పునే ఉంటుంది. వెక్3ల అర్రే మాత్రం అక్కడ కూడా 16 బైట్ల చొప్పునే. డైరెక్ట్3డీ నుంచి వచ్చినవాళ్ళు ఇంకోటి గమనించండి. అక్కడి కాన్‌స్టంట్ బఫర్‌లో నియమం వేరు. విలువ 16 బైట్ల గీత దాటకూడదంతే. ఫ్లోట్ తర్వాత మూడు అంకెల రంగు 4వ బైటులోనే మొదలవుతుంది. ఒకే స్ట్రక్ట్‌ని రెండు చోట్లా వాడాలన్నా వెక్4లే క్షేమం.

ప్రశ్న: మీరు గత సంచికలో చెప్పినట్టే బఫర్ పెట్టాను. ప్రతి డ్రాకి ముందు అదే బఫర్‌లో కొత్త విలువలు రాస్తున్నాను. పాత పద్ధతికన్నా నెమ్మదైంది. ఎందుకు?

మీరు రాసే సమయానికి జీపీయూ ముందు డ్రాని ఇంకా మొదలుపెట్టి కూడా ఉండకపోవచ్చు. అది చదవాల్సిన విలువల మీద మీరు కొత్తవి రాస్తానంటున్నారు. డ్రైవర్ అయితే మిమ్మల్ని ఆపాలి, లేదంటే ఎక్కడో కాపీ తీసి దాచాలి. ఫ్రేమ్‌లో వేలసార్లు ఇలా జరిగితే చిన్న యూనిఫామ్ కాల్సే నయం.

ఫ్రేమ్ మొదట్లోనే అన్ని వస్తువుల విలువలూ ఒకే ఊపులో రాసెయ్యండి, డ్రా లూప్‌లో ఆఫ్‌సెట్ మాత్రమే మార్చండి. బఫర్‌ని మూడింతలు పెద్దది చేసి మూడు భాగాలుగా వాడండి: ఈ ఫ్రేమ్ ఒకటో భాగంలో, వచ్చేది రెండులో, ఆపైది మూడులో. ఒకటో భాగానికి తిరిగి వచ్చేముందు, అప్పుడు పెట్టిన ఫెన్స్‌ని (పని అక్కడిదాకా అయ్యిందని తెలిపే గుర్తు) జీపీయూ దాటిందో లేదో చూసుకోవాలి. 2013లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 4.4 నుంచి బఫర్‌ని ఒక్కసారి మ్యాప్ చేసి అలాగే ఉంచుకోవచ్చు, అప్పుడు రాయడమంటే మామూలు పాయింటర్‌లోకి రాసినట్టే. అంతకన్నా పాత వెర్షన్ అయితే, రాసేముందు బఫర్‌కి ఖాళీ డేటా ఇచ్చి కొత్త మెమరీ అడగండి. పాతది జీపీయూ వాడుకోవడం అయ్యాక డ్రైవరే వదిలేస్తుంది.

మ్యాప్ చేసిన మెమరీ నుంచి చదవొద్దు, రాయడం మాత్రమే చెయ్యండి. చాలా సిస్టముల్లో ఆ మెమరీ సీపీయూ క్యాష్‌లోకి రాదు, చదవడం చాలా నెమ్మది. ఉన్న విలువకి ఇంకోటి కూడితే అది చదవడమే అవుతుందని మర్చిపోతుంటారు. లెక్కలన్నీ లోకల్ వేరియబుల్‌లో చేసుకుని ఫలితం ఒక్కటే అక్కడ రాయండి.

ప్రశ్న: ఇన్ని రకాల బఫర్లు ఎందుకు? అన్నీ స్టోరేజ్ బఫర్‌లో పెట్టేస్తే గొడవ వదులుతుంది కదా?

డెస్క్‌టాప్ మీద పనిచేస్తుంది, చాలాసార్లు తేడా కూడా కనిపించదు. అయినా నేను విడిగానే ఉంచుతాను. జీపీయూ థ్రెడ్లు గుంపులుగా నడుస్తాయి, ఎన్విడియాలో గుంపుకి 32. ఆ 32 మందీ ఒకే విలువ చదివినప్పుడు యూనిఫామ్ బఫర్ దారి అద్భుతంగా పనిచేస్తుంది, ఒక్కసారి తెచ్చి అందరికీ పంచేస్తుంది. కెమెరా, లైట్లు సరిగ్గా అలాంటివి. ఒక్కో థ్రెడ్ ఒక్కో నంబరు గడి అడిగితే అదే దారిలో ఒకరి తర్వాత ఒకరుగా వరసలో నిలబడాల్సి వస్తుంది. అక్కడ స్టోరేజ్ బఫర్ మేలు.

మొబైల్‌లో ఇంకో అడ్డంకి. ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.1లో స్టోరేజ్ బఫర్లు ఉన్నాయి కానీ వెర్టెక్స్ షేడర్‌లో ఎన్ని దొరుకుతాయన్నదానికి ప్రమాణం ఇచ్చే హామీ సున్నా. ఫోన్లను కూడా దృష్టిలో పెట్టుకుంటే, ఆ పరిమితిని అడిగి తెలుసుకున్నాకే ముందుకెళ్ళండి.

ప్రశ్న: వల్కన్‌లో పుష్ కాన్‌స్టంట్లు చాలా వేగం అంటున్నారు. పారామీటర్లన్నీ వాటిలోనే పంపొచ్చా?

పట్టవు. పుష్ కాన్‌స్టంట్లంటే బఫర్ లేకుండా కమాండ్లతోపాటే వెళ్ళే చిన్న విలువలు, వాటికి వల్కన్ మొదటి నుంచీ హామీ ఇచ్చింది 128 బైట్లు. రెండు మ్యాట్4లు పెడితే నిండిపోయింది. 1.4 వెర్షన్‌లో దాన్ని 256కి పెంచారు. ఆ కొద్ది చోటుని విలువలతో కాకుండా నంబర్లతో నింపండి: వస్తువు నంబరు, మెటీరియల్ నంబరు. అసలు విలువలు బఫర్లలో ఉంటాయి. డైరెక్ట్3డీ 12లో రూట్ సిగ్నేచర్ (షేడర్‌కి అందేవాటి పట్టిక) మొత్తం 64 డీవర్డ్‌లు, ఒక్కోటి 4 బైట్లు, అంటే అదీ 256 బైట్లే, అందులోనే బఫర్ల చిరునామాలకూ చోటు కావాలి. మెటల్‌లో సెట్‌బైట్స్‌తో 4 కేబీ దాకా నేరుగా ఇవ్వొచ్చు, ఈ విషయంలో అది కాస్త ఉదారం.

ప్రశ్న: బ్రౌజర్‌లో నడిచే గేమ్ చేస్తున్నాం. క్యారెక్టర్ ఎముకల మ్యాట్రిక్సులు కొన్ని ఫోన్లలో పట్టడం లేదు. టెన్షన్‌గా ఉంది, వచ్చే నెలే రిలీజ్.

కంగారు పడకండి, దీనికి దారి ఉంది. వెబ్‌జీఎల్ మొదటి వెర్షన్ అయితే వెర్టెక్స్ షేడర్‌లో హామీగా దొరికేది 128 వెక్4లు, ఫ్రాగ్మెంట్ షేడర్‌లో 16. మ్యాట్4లుగా పంపితే 30 ఎముకలకే 120 అయిపోతాయి. పైన చెప్పినట్టు మూడు వెక్4లు చేస్తే 40 ఎముకలు పడతాయి. కెమెరా మ్యాట్రిక్స్‌కి నాలుగు పోను ఇంకో నాలుగు మిగులుతాయి.

వీలుంటే వెబ్‌జీఎల్ 2కి మారండి. యూనిఫామ్ బఫర్లు వస్తాయి, 16 కేబీలో 48 బైట్ల ఎముకలు 341 పడతాయి. స్టోరేజ్ బఫర్లు అందులో లేవు కాబట్టి, ఒకేసారి గుంపుల కొద్దీ క్యారెక్టర్లు కావాలంటే మ్యాట్రిక్సులను ఫ్లోట్ టెక్స్‌చర్‌లో రాసి వెర్టెక్స్ షేడర్‌లో టెక్సెల్‌ఫెచ్‌తో చదవండి. ఒక ఎముకకి మూడు టెక్సెల్స్ (టెక్స్‌చర్‌లోని గడులు). ఫిల్టరింగ్‌ని నియరెస్ట్ చెయ్యడం తప్పనిసరి. 32 బిట్ల ఫ్లోట్ టెక్స్‌చర్‌కి లీనియర్ ఫిల్టర్ వేరే ఎక్స్‌టెన్షన్ ఉంటేనే పనిచేస్తుంది, అది లేని ఫోన్‌లో మీ క్యారెక్టర్ చెల్లాచెదురైపోతుంది.

ప్రశ్న: లొకేషన్ అడిగితే -1 వస్తోంది. పేరు సరిగ్గానే ఉంది.

ఆ యూనిఫామ్‌ని షేడర్ నిజంగా వాడుతోందా చూడండి. ఫలితాన్ని మార్చని యూనిఫామ్‌ని కంపైలర్ తీసేస్తుంది. -1కి విలువ పంపితే ఎర్రర్ రాదు, ఊరికే వదిలేస్తుంది. ఎస్‌టీడీ140 బ్లాక్ లోపలి సభ్యులను మాత్రం వాడకపోయినా తీసెయ్యదు, వాటి చోటు అలాగే ఉంటుంది. బ్లాక్‌లో ఉన్నవాటికి లొకేషన్ ఉండదు కాబట్టి వాటిని అలా అడిగినా -1 వస్తుంది.

ప్రశ్న: పారామీటర్లు తగ్గించడానికి కొన్నిటిని షేడర్‌లోనే లెక్కించుకుంటే మంచిదా? ఉదాహరణకి మ్యాట్రిక్స్ ఇన్‌వర్స్, సమయం నుంచి వచ్చే సైన్ విలువ.

ఇక్కడ నా సలహా మీరు ఊహించినదానికి వ్యతిరేకంగా ఉంటుంది: ఇంకో రెండు పారామీటర్లు పంపండి. 1920×1080 తెర నిండా గీస్తే 20,73,600 పిక్సెల్స్. ఆ డ్రా అంతటికీ ఒకటే అయిన ఇన్‌వర్స్‌ని పిక్సెల్‌కొకసారి ఎందుకు లెక్కించాలి? సీపీయూలో ఒక్కసారి లెక్కించి ఫ్రేమ్ బ్లాక్‌లో పెట్టండి, 64 బైట్లతో పోతుంది. కొన్ని డ్రైవర్లు ఇలాంటివి కనిపెట్టి బయటికి లాగుతాయి కానీ వాటి మీద భారం వెయ్యకండి.

అలాగని అన్నిటికీ ఇదే మాట చెల్లదు. వస్తువుల నార్మల్ మ్యాట్రిక్స్ (నార్మల్ అంటే ఉపరితలం ఎటు చూస్తుందో చెప్పే దిశ) చూడండి. మీ వస్తువులు అన్ని దిక్కుల్లోనూ సమానంగానే సాగుతాయంటే విడిగా పంపడమే అనవసరం. మోడల్ మ్యాట్రిక్స్‌తోనే నార్మల్‌ని తిప్పి, పొడవు సరిచేసుకుంటే చాలు. ఒక దిక్కులో ఎక్కువ సాగదీసే వస్తువులుంటేనే ఇన్‌వర్స్ ట్రాన్స్‌పోజ్ అవసరం.

ప్రశ్న: ఒక్కో వస్తువుకీ ఒక లేతరంగు, ఇరవై దాకా ఆన్-ఆఫ్ స్విచ్‌లు పంపాలి. వెక్4, ఇరవై పూర్ణాంకాలు పంపడం తప్ప మార్గం లేదా?

ఉంది. రంగు తెర మీదికి వెళ్ళేదే అయితే ఒక్కో ఛానెల్‌కి 8 బిట్లు చాలు, నాలుగూ కలిపి ఒక 32 బిట్ల పూర్ణాంకం. షేడర్‌లో అన్‌ప్యాక్ యూనార్మ్ 4×8 అనే ఫంక్షన్ దాన్ని మళ్ళీ వెక్4 చేసి ఇస్తుంది. 16 బైట్లు 4 అయ్యాయి. స్విచ్‌లు ఇరవై కాబట్టి అవి ఇంకో పూర్ణాంకంలో ఇరవై బిట్లు. మెటీరియల్ నంబరుకి మూడోది. ఇంకా ఒక గడి ఖాళీగా ఉంటుంది. మొత్తం కలిపి ఒక యూవెక్4 (నాలుగు పూర్ణాంకాలు), 16 బైట్లు. మ్యాట్రిక్స్‌కి 48, దీనికి 16, వస్తువుకి సరిగ్గా 64 బైట్లు. 1 కంటే ఎక్కువ ప్రకాశం ఉండే రంగులకు మాత్రం 8 బిట్లు చాలవు. వాటికి ప్యాక్ హాఫ్ 2×16 వాడి రెండు గడులు కేటాయించండి, ఆ ఖాళీ గడి అందుకు పనికొస్తుంది.